ఉచితం ఎవరికి? ఖరీదు ఎవరిది?

ఈమధ్య ఖానాపూర్‌లో బీడీలు చుట్టే స్త్రీలతో మాట్లాడుతున్నప్పుడు ఒకామె కొంగుముడి విప్పి మందుల చీటీ నా చేతిలో పెట్టింది. నడుం నొప్పికి అయిదు రకాల మందులు! "గివి దేనికక్కా? అడిగితే సారు కసురుకున్నడు" అంది. ఆ అయిదింటిలో రెండు ఒకే మందు, కంపెనీల పేర్లే వేరు. రెండింటికీ ఆమె తన బీడీల కూలిలోంచే డబ్బు చెల్లించింది.

ఆ డాక్టరును తిట్టి ఊరుకోవడం తేలిక. కానీ ఆ చీటీ వెనుక ఒక పెద్ద వ్యాపారం ఉంది. చీర కొనేటప్పుడు మనమే ఎంచుకుంటాం, మనమే డబ్బిస్తాం. మందు విషయంలో ఎంచుకునేది డాక్టరు, డబ్బిచ్చేదీ మింగేదీ రోగి. అందుకే కంపెనీల ప్రచారమంతా కలం పట్టిన చేతి చుట్టూ తిరుగుతుంది. అమ్మకాల టార్గెట్ మోస్తూ తిరిగే రిప్రజెంటేటివ్‌లు, శాంపిళ్లు, కానుకలు, సదస్సుల పేరిట ప్రయాణాలు అన్నీ అక్కడికే చేరతాయి.

డాక్టర్లు కానుకలు తీసుకోరాదని 2009 డిసెంబరులో మెడికల్ కౌన్సిల్ నిబంధన పెట్టింది. ఇచ్చే కంపెనీలకు మాత్రం 2015లో పెట్టిన నియమావళి స్వచ్ఛందం! కానుకల ఖర్చుకు ఆదాయపు పన్ను మినహాయింపు చెల్లదని 2022 ఫిబ్రవరిలో అపెక్స్ లేబొరేటరీస్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ ఖర్చు మందు ధరలో కలిసి రోగి మీదే పడుతుందని కూడా అంది. 2024 మార్చిలో వచ్చిన కొత్త నియమావళిలోనూ ఫిర్యాదులు వినే బాధ్యత కంపెనీల సంఘాలకే అప్పగించారు. ఇదెక్కడి న్యాయం?

ఈ వ్యాపారం ఒక్కోసారి సేవ రూపంలోనూ వస్తుంది. 2009లో ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల బాలికలు దాదాపు 14,000 మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేశారు. టీకా మెర్క్ కంపెనీది, ఉచితంగా ఇచ్చింది. కార్యక్రమం అమెరికా సంస్థ 'పాత్'ది. ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం తోడయ్యాయి. ఆదివాసీ హాస్టళ్ల పిల్లలకు తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారు. మహిళా, ఆరోగ్య సంఘాలు నిలదీశాక 2010 ఏప్రిల్‌లో అది ఆగింది. కంపెనీల వాణిజ్య ప్రయోజనమే దీని వెనుక ఉందని 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం తప్పుపట్టింది. నేను ఆ టీకాకు వ్యతిరేకిని కాను. అది క్యాన్సర్‌ను నివారిస్తుంది. అప్పట్లో జరిగిన బాలికల మరణాలకు అదే కారణమని విచారణలో తేలలేదు. నా ప్రశ్నల్లా ఒకటే: మంచి మందైతే మాత్రం తల్లిని అడగకుండా బిడ్డకు వేయవచ్చా?

ఖానాపూర్ చీటీకీ, ఖమ్మం టీకాకూ ఉన్న పోలిక ఇదే. రెండుచోట్లా నిర్ణయం స్త్రీ శరీరం గురించి, ఆమెకు తెలియకుండా జరిగింది.

డాక్టర్లకు ఇచ్చే ప్రతి రూపాయినీ కంపెనీలు బహిరంగపరచాలనీ, ఉల్లంఘిస్తే శిక్షపడే చట్టం రావాలనీ మనం అడగాలి. అంతవరకూ మన సంఘం సమావేశాల్లో ఒక అరగంట చీటీలు చదవడానికి కేటాయిద్దాం. మందు అసలు పేరేమిటి, దేనికి, ఎన్నాళ్లు, బిల్లేది అని అడగడం నేర్చుకుందాం. మందులు మానేయమని ఎవరికీ చెప్పవద్దు. అడగమని మాత్రం అందరికీ చెబుదాం. నలుగురు కలిసి వెళ్లి అడిగితే కసురుకోవడం అంత తేలిక కాదు.