ఆకాశవీధి: తోకచుక్కకూ ఒక లాగ్‌షీటు

గ్రహణం ఏ రోజు, ఏ సమయాన పట్టునో పంచాంగకర్తలు ముందే చెప్పగలరు. తోకచుక్క ఏ తేదీన సూర్యుని సమీపించునో కూడా గణితం చెబుతుంది. అయితే అది ఎంత కాంతితో వెలుగుతుందని అడిగితే మాత్రం గణితం తడబడుతుంది. గ్రహశకలం సూర్యకాంతిని పరావర్తనం చేసి ఊరుకుంటుంది. తోకచుక్క అటువంటిది కాదు. అది మంచు, ధూళి కలిసిన ముద్ద. ఎండ తగిలేకొద్దీ మంచు ఆవిరై ధూళిని వెంటబెట్టుకొని వెలువడుతుంది. ఏ పొర కింద ఎంత మంచు ఉన్నదో, ఆ పొర ఎప్పుడు పగులుతుందో ముందుగా తెలియదు.

అందువల్లనే 1973లో ఎన్నో ఆశలు రేపిన కోహౌటెక్ తోకచుక్క సామాన్య ప్రేక్షకులను నిరాశపరచింది. 2007 అక్టోబరులో హోమ్స్ తోకచుక్క సూర్యునికి దూరమవుతూ ఉండి కూడా, రెండు రోజులలోపే సుమారు ఐదు లక్షల రెట్లు కాంతివంతమైంది.

కనుక ప్రతి రాత్రీ చూచి కొలవడమే మార్గం. నక్షత్రం చుక్కవలె, తోకచుక్క పొగమంచువలె కనిపిస్తాయి గనుక రెంటినీ నేరుగా పోల్చలేము. బైనాక్యులర్ ఫోకస్‌ను చెదరగొడితే రెండూ మసక బిళ్ళలవుతాయి. అప్పుడు తోకచుక్కకంటె కాంతిమంతమైన నక్షత్రం ఒకటి, మసకైనది మరొకటి ఎంచుకొని, నడుమ దాని స్థానాన్ని అంచనా వేయాలి. దిఙ్మండలం దగ్గర గాలి కాంతిని హరిస్తుంది. కాబట్టి ఆ నక్షత్రాలు వీలయినంతవరకు తోకచుక్క ఎత్తులోనే ఉండాలి.

1997 ఏప్రిల్‌లో హేల్-బాప్ తోకచుక్క సాయంత్రం వాయవ్య దిక్కున కనిపించిన రోజులలో మేము క్వార్టర్స్ మేడమీద ఈ పని చేశాము. కాంతిమానంలో సిరియస్ మైనస్ 1.5, బ్రహ్మహృదయం 0.1. తోకచుక్క సరిగ్గా నడుమ ఉన్నట్లు తోచిన రాత్రి మైనస్ 0.7 అని వ్రాసుకున్నాము. హ్రస్వదృష్టి గల మాకు బైనాక్యులర్ అవసరం కూడా లేకపోయింది, కళ్ళజోడు తీస్తే చాలు!

ఒకనాడు మా షిఫ్టులోని సీనియర్ ఆపరేటరు ఒకరు కుటుంబసమేతంగా తోకచుక్కను చూడవచ్చారు. టార్చి వెలుగులో మా నోటుపుస్తకం తిరగవేసి, "సార్, మొన్న సాయంత్రం మబ్బు కమ్మింది కదండీ, ఈ అంకె ఎక్కడిది?" అని అడిగారు.

"ముందురోజుకూ మరునాటికీ నడిమి అంకె వేశామండీ, పెద్ద తేడా ఏముంటుంది?" అన్నాము.

"బేరింగు ఉష్ణోగ్రత మా కుర్రాడు అలాగే వ్రాస్తే మీరు ఊరుకుంటారా సార్?"

మేము సిగ్గుపడి ఆ అంకెను కొట్టివేసి, పక్కన "మబ్బు, చూడలేదు" అని వ్రాశాము. పదేళ్ళ తరువాత హోమ్స్ తోకచుక్క వార్త చదివినప్పుడు ఆయన మాటలోని బలం మాకు పూర్తిగా బోధపడింది. నిన్నటికీ రేపటికీ నడుమ ఏమీ జరగలేదని తోకచుక్క విషయంలో ఎవరు హామీ ఇవ్వగలరు? బేరింగు విషయంలోనూ అంతే.

మరల కాంతిమంతమైన తోకచుక్క వచ్చినప్పుడు పాఠకులు, ముఖ్యంగా పిల్లలు, ఒక నోటుపుస్తకం తెరవాలని మా కోరిక. తేదీ, సమయం, పోల్చిన రెండు నక్షత్రాల పేర్లు, ఆకాశస్థితి, కనిపించిన కాంతి వ్రాయండి. పత్రికలో చదివిన అంకెను వ్రాయకండి. చూడని రోజు గడిని ఖాళీగానే ఉంచండి.