పుస్తకమైతే సరే, ఫ్లాపీ కుదరదు

1994లో అమెరికా విదేశాంగ శాఖ ఒక విచిత్రమైన నిర్ణయం ప్రకటించింది. బ్రూస్ ష్నైయర్ రాసిన ‘అప్లైడ్ క్రిప్టోగ్రఫీ’ పుస్తకాన్ని ఏ దేశానికైనా పంపొచ్చు. అందులో అచ్చయిన కోడ్‌నే ఫ్లాపీలోకి ఎక్కిస్తే మాత్రం అది ఆయుధాల జాబితాలోకి వస్తుంది, లైసెన్సు కావాలి. కోడ్ రాసి బతికేవాణ్ణి కాబట్టి నాకిది నవ్వులాటగా అనిపించదు. బర్కిలీ విద్యార్థి డేనియల్ బెర్న్‌స్టీన్ ప్రభుత్వం మీద దావా వేస్తే, సోర్స్‌కోడ్ కూడా భావప్రకటనే అని 1996లో ఫెడరల్ కోర్టు చెప్పాల్సి వచ్చింది.

కోడ్ సంగతి కొంత తేలింది గానీ మనుషుల సంగతి తేలలేదు. నియంత్రణలో ఉన్న పరిజ్ఞానాన్ని ప్రొఫెసరు తన ల్యాబులోనే విదేశీ విద్యార్థికి వివరించినా, అది ఆ విద్యార్థి దేశానికి ఎగుమతి చేసినట్టే లెక్క. దీన్నే ‘డీమ్డ్ ఎక్స్‌పోర్ట్’ అంటారు. గ్రీన్‌కార్డు ఉంటే ఈ లెక్క వర్తించదు. బుర్ర అదే, పాఠం అదే. తేడా అల్లా జేబులోని కార్డులోనే.

“అయితే ఆయుధాల రహస్యాలు అందరికీ పంచమంటావా?” అంటారు. అక్కర్లేదు. దీనికి 1985లో రీగన్ ప్రభుత్వమే జవాబిచ్చింది: దాచక తప్పదనుకుంటే రహస్యమని ముద్ర వెయ్యండి, లేకపోతే మౌలిక పరిశోధన ఫలితాలకు అడ్డు పెట్టకండి. ఇంతకంటే సూటిగా ఎవరూ చెప్పలేరు. కానీ ‘మా అనుమతి లేకుండా ప్రచురించకూడదు’ అనే షరతుకు విశ్వవిద్యాలయం సంతకం పెడితే చాలు, ఆ రక్షణ పోతుంది.

టెనసీ విశ్వవిద్యాలయ ప్రొఫెసర్ రీస్ రాత్ కేసు చూడండి. వైమానిక దళం డబ్బిచ్చిన డ్రోన్ ప్రాజెక్టులో చైనా, ఇరాన్ విద్యార్థుల్ని పెట్టుకున్నందుకు 2009లో ఆయనకు నాలుగేళ్ళ జైలుశిక్ష పడింది. తెలిసే చేశాడని జ్యూరీ నమ్మింది, నేను కాదనను. కానీ విదేశీ విద్యార్థులతో నిండిన ల్యాబులోకి అలాంటి ఒప్పందాన్ని రానిచ్చిందెవరు? ఎమ్ఐటీ తన రహస్య పరిశోధనను క్యాంపస్‌లో కాకుండా లింకన్ ల్యాబొరేటరీలో చేస్తుంది. మిగతావాళ్ళకు అడ్డేమిటి, డబ్బు తప్ప?

మనవాళ్ళ వాదన ఇంకొకటుంది: అమెరికా పెద్ద క్రే కంప్యూటర్ ఇవ్వనందువల్లే 1991లో పరమ్ వచ్చింది, కాబట్టి ఆంక్షలు మనకు మేలే చేశాయి అని. పరమ్ కట్టినవాళ్ళకు దణ్ణం. అయితే ఆ పరమ్ 8000లో పనిచేసినవి బ్రిటన్ కంపెనీ ఇన్మోస్ తయారుచేసిన ట్రాన్స్‌ప్యూటర్లు. ఒక తలుపు మూసినా ఇంకోటి తెరిచి ఉండబట్టే పని జరిగింది. దాన్ని చూపించి తలుపులు మూయడాన్ని పొగడటం ఏం న్యాయం?

ఈ చట్టాలు వాషింగ్టన్‌లో ఇప్పుడప్పుడే మారవు. కానీ ఒప్పందం మీద సంతకం పెట్టే చెయ్యి విశ్వవిద్యాలయానిదే. పాస్‌పోర్టు చూసి పాఠం చెప్పమనే డబ్బును అది కాదనొచ్చు. కాదనలేకపోతే, ఆ ల్యాబు తలుపు మీద విశ్వవిద్యాలయం అన్న బోర్డు తీసెయ్యాలి.