బోడిగుండుకీ నూనె సీసాకీ ముడి

సర్వరు పడిపోయింది, రీస్టార్టు చేస్తే లేచింది అనుకోండి. "రీస్టార్టు చేశాం, సమస్య తీరిపోయింది" అని రిపోర్టులో రాస్తే మన మేనేజర్లు ఊరుకుంటారా? అసలెందుకు పడింది, మనం లేపితే లేచిందా, దానంతటదే లేచిందా అని ప్రాణం తీస్తారు. రోజూ ఇలాంటి ప్రశ్నల మధ్య బతికే మన సాఫ్టువేరు జనమే, జుట్టు దగ్గరికొచ్చేసరికి మాత్రం "ఫలానా ఆయుర్వేదిక్ నూనె మూడు నెలలు రాశాను బాసూ, రాలడం ఆగిపోయింది" అని ఎవరైనా అంటే చాలు, లింకు పంపమని వెంటపడతారు. ఒక్కడు కూడా ఎదురు ప్రశ్న వెయ్యడు!

ముందే చెప్తున్నాను, నా గొడవ ఆయుర్వేదం మీద కాదు. తలంటు మీద అసలే కాదు. ఉన్న జుట్టుని బాగా చూసుకోవడం ఒక పని. రాలిపోతున్న జుట్టుకి వైద్యం చెయ్యడం ఇంకో పని. మొదటి దాని మీద మనకి అమ్మమ్మల కాలం నుంచీ ఉన్న నమ్మకాన్ని పెట్టుబడిగా పెట్టి, రెండోది అమ్ముకుంటున్నారు. నా గొడవల్లా దాని మీదే.

మొదటి పని సంగతి చూద్దాం. మనకి పైకి కనిపించే వెంట్రుకలో ప్రాణం లేదు. అది కెరటిన్ అనే ప్రొటీను. దానికి నూనె రాస్తే మేలు జరుగుతుందా అంటే, జరుగుతుంది. 2003లో కొబ్బరి నూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ మూడింటినీ పోల్చి ఒక పరిశోధన వచ్చింది. వెంట్రుకలోంచి ప్రొటీను పోకుండా ఆపింది కొబ్బరి నూనె ఒక్కటే. (చేసింది కొబ్బరి నూనె అమ్మే కంపెనీ వాళ్ళే, అది కూడా గుర్తుంచుకుందాం.) అందులో ఎక్కువగా ఉండే లారిక్ ఆమ్లం వెంట్రుక లోపలికి దూరగలదు, అదీ కారణం. కుంకుడుకాయలో, శీకాయలో ఉండే సపోనిన్లు మురికిని వదలగొడతాయి. మందారాకు జిగురు చిక్కు పడకుండా చూస్తుంది. తలంటుకి ముందు నూనె పెట్టుకోమన్న అమ్మమ్మ నూటికి నూరు పాళ్ళు రైటు.

కానీ అమ్మమ్మ చెప్పింది అంతవరకే. బట్టతల మీద జుట్టు మొలిపిస్తానని ఆవిడ ఎప్పుడూ అనలేదు. నమ్మకం లేకపోతే మీ ఇంట్లో పాత పెళ్ళి గ్రూపు ఫోటో ఒకటి తీసి చూడండి. గానుగ నూనె తప్ప ఇంకోటి ఎరగని తరం. పొల్యూషన్ లేదు, షాంపూ లేదు, హైదరాబాదు హాస్టళ్ళ బోరు నీళ్ళు లేవు. అయినా వెనక వరసలో తాతల గుండ్లు నిగనిగలాడుతూ ఉంటాయి. నూనెతో బట్టతల ఆగేదయితే ముందు వాళ్ళకి ఆగి ఉండాలి కదా?

ఇక రెండో పని. జుట్టు రాలడానికి కారణాలు చాలా ఉన్నాయి గానీ మనం రోజూ చూసేవి ప్రధానంగా రెండు. తల మీద దాదాపు లక్ష వెంట్రుకలుంటాయి. ఒక్కోటీ కొన్నేళ్ళు పెరిగి, రెండు మూడు నెలలు ఖాళీగా కూర్చుని రాలిపోతుంది. రోజుకి 50 నుంచి 100 రాలడం మామూలే. డెంగీనో టైఫాయిడో వచ్చినా, కాన్పయినా, తిండి మానేసి బరువు తగ్గినా ఒకేసారి బోలెడు వెంట్రుకలు ఆ ఖాళీ దశలోకి వెళ్ళిపోతాయి. రెండు మూడు నెలల తర్వాత కుచ్చులు కుచ్చులుగా దువ్వెనలోకి వస్తాయి. 2021లో కోవిడ్ తగ్గాక ఎంతమందికి ఇలా అయిందో మీకు గుర్తుండే ఉంటుంది. కారణం తొలగిపోతే, చాలామందికి ఆరు నెలల్లోపు ఇది దానంతటదే సర్దుకుంటుంది.

ఇప్పుడు లెక్క చూడండి. జ్వరం వచ్చిన మూడో నెలలో జుట్టు రాలడం మొదలు. నాలుగో నెలలో కంగారు, నూనె ఆర్డరు. ఏడో నెలకి రాలడం బంద్. క్రెడిట్ ఎవరికి? నూనెకి! "వాడి చూశాను, పనిచేసింది" అనే అనుభవాల్లో చాలా వాటి కథ ఇంతే. బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టడం అని మనవాళ్ళు ఎప్పుడో అన్నారు. ఇక్కడ మోకాలి బదులు సీసా వచ్చింది, గుండు మాత్రం అదే.

రెండోది వంశపారంపర్యంగా వచ్చే బట్టతల. డీహెచ్‌టీ అనే హార్మోను ప్రభావంతో కుదుళ్ళు ఏటేటా కుంచించుకుపోతాయి. ఇది దానంతటదే ఆగదు. దీనికి పెద్ద ఎత్తున పరీక్షలు జరిపి అమెరికా ఎఫ్‌డీఏ ఒప్పుకున్న మందులున్నాయి: 1988లో మినాక్సిడిల్, 1997లో మగవాళ్ళకి ఫినాస్టరైడ్. ఇవేం అద్భుతాలు కావు. అందరికీ పనిచెయ్యవు, మానేస్తే వచ్చింది పోతుంది, దుష్ఫలితాలున్నాయి, డాక్టరు చెప్పకుండా వాడకూడదు. కాకపోతే ఎంతమందికి పనిచేస్తుంది, ఎవరు వాడకూడదు అని చెప్పడానికి అంకెలున్నాయి. సీసా మీద ఉన్నది ఆకుల బొమ్మ మాత్రమే. పైగా కుదురు పూర్తిగా మూసుకుపోయాక ఈ మందులూ పెద్దగా చేసేదేం లేదు. అంటే నూనెలు మారుస్తూ గడిపిన ప్రతి ఏడాదీ తిరిగి రానిదన్నమాట.

"ఆయుర్వేదిక్ కదా, సైడ్ ఎఫెక్ట్సు ఉండవు, పోయేదేముంది?" అంటారు. చెప్తాను.

మా టీములో ఒకమ్మాయి ఏడాదిన్నర పాటు పొడులూ నూనెలూ మార్చి మార్చి వాడింది. మెట్లెక్కితే ఆయాసం, పొద్దస్తమానం నీరసం. అన్నిటికీ "రిలీజు టెన్షన్" అని పేరు పెట్టేసుకుంది. చివరికి వేరే పని మీద రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 8 దగ్గరుంది. జుట్టు రాలడం అనేది రక్తహీనతకీ, థైరాయిడుకీ కూడా ఒక గుర్తు. శరీరం ఎర్రర్ మెసేజ్ పంపిస్తుంటే మనం మానిటరు తుడుచుకుంటూ కూర్చున్నాం. పోయేది ఇదీ!

చుండ్రు ఉన్నవాళ్ళు తలకి నూనె పట్టిస్తే, దాన్నే తిని బతికే మలసీజియా అనే ఫంగస్‌కి విందు పెట్టినట్టే. ఇక "హెర్బల్ నల్ల గోరింటాకు" ప్యాకెట్లు. గోరింటాకులోని రంగు ఎరుపే పండుతుంది, ఎంత గొప్ప ఆకైనా నలుపు రాదు. నలుపు కావాలంటే నీలి ఆకు పొడి వెయ్యాలి, దానికి టైమూ ఓపికా కావాలి. అరగంటలో నల్లగా నిగనిగలాడిందంటే అందులో పీపీడీ అనే రసాయనం ఉందేమోనని అనుమానించాల్సిందే. అది పడనివాళ్ళకి నెత్తి, మొహం వాచిపోతాయి.

పోనీ అమ్మేది నిజంగా ఆయుర్వేదమేనా? మన 1940 నాటి మందుల చట్టం ప్రకారం ఆయుర్వేద మందులు రెండు రకాలు. గ్రంథాల్లో ఉన్న యోగాన్ని ఉన్నట్టు తయారు చేసేవి ఒకటి. "ప్రొప్రైటరీ" అనేవి రెండోది: పదార్థాలు గ్రంథాల్లోవి, ఫార్ములా మాత్రం కంపెనీ సొంతం. శాస్త్రప్రకారం తైలం కాచడానికి సాధారణ కొలత ముద్ద 1 పాలు, నూనె 4 పాళ్ళు, పసరో కషాయమో 16 పాళ్ళు. గుంటగలగరాకు నూనె ఇంట్లో కాచిన వాళ్ళకి తెలుస్తుంది, ఆ పదహారు పాళ్ళూ ఇగరడానికి ఎంతసేపు పడుతుందో! ఇప్పుడు మీ సీసా వెనక్కి తిప్పి చిన్నక్షరాలు చదవండి. చాలా వాటిలో "లైట్ లిక్విడ్ పారఫిన్" కనిపిస్తుంది. అది పెట్రోలియం నుంచి వచ్చే నూనె. ఏ మహర్షి చెప్పాడో మరి!

అసలు సుశ్రుత సంహిత ఇంద్రలుప్తాన్ని రోగాల లెక్కలో వేసింది. రోగం అన్నాక వైద్యుడు చూడాలి, నాడి పట్టాలి, తిండీ నిద్రా అడగాలి. ఒకే సీసా అందరికీ అన్నది ఆయుర్వేదం కాదు, వ్యాపారం. మన డ్రగ్స్ రూల్స్‌లో షెడ్యూల్ జె అని ఒక జాబితా ఉంది, నయం చేస్తామని చెప్పుకోకూడని జబ్బులవి. అందులో బట్టతల, కొత్త జుట్టు మొలవడం రెండూ ఉన్నాయి. కేరళలో ఒక ఆయుర్వేద హెయిర్ క్రీము వాడినా జుట్టు రాలేదని ఒకాయన కేసు వేస్తే, త్రిశూర్ వినియోగదారుల ఫోరం కంపెనీకీ, ప్రకటనలో నటించిన హీరోకీ చెరో 10,000 రూపాయలు జరిమానా వేసింది. 2021 జనవరిలో పేపర్లన్నీ రాశాయి. ఆ హీరోగారు విచారణలో ఏం చెప్పారో తెలుసా? తను ఆ క్రీము ఎప్పుడూ వాడలేదట, వాళ్ళమ్మ కాచిన నూనే రాసుకుంటాడట!

ఇంగ్లీషు వైద్యం వ్యాపారులు తక్కువేం తినలేదు. బయోటిన్ మాత్రలు పేలాల్లా అమ్ముతున్నారు. లోపం లేనివాళ్ళకి వాటి వల్ల ఒరిగేదేమీ లేదు, పైగా థైరాయిడు పరీక్ష ఫలితాన్ని తప్పుగా చూపించగలవు. వాళ్ళనీ ఇదే ప్రశ్న అడగండి: ఎంతమంది మీద పరీక్షించారు, దేనితో పోల్చి చూశారు?

ఆదివారం శుభ్రంగా తలంటుకోండి. కొబ్బరి నూనె, కుంకుడుకాయ, హాయిగా ఒక కునుకు. దాన్ని మించిన సుఖం లేదు. జుట్టు మాత్రం విపరీతంగా రాలుతుంటే నూనె సీసా ఆర్డరు పెట్టే ముందు రక్తపరీక్ష చేయించుకుని, చర్మవైద్యుడికి చూపించుకోండి. ఆయుర్వేదమే కావాలంటే చదువుకున్న వైద్యుడి దగ్గరికి వెళ్ళండి, రీల్సులో తల ఊపే అమ్మాయి దగ్గరికి కాదు.

కాదంటారా? అయితే మీ నూనె పనిచేసిందని మీకెలా తెలిసిందో కాస్త చెప్పండి, వింటాను.