మళ్లీ రాసే బిడ్డకో సెలవు

నల్లపాడు దాపునే ఉన్న గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు అమ్మగా వచ్చిన డబ్బు కొన్ని ఇళ్లలో నేరుగా లాంగ్‌టర్మ్ కోచింగ్ ఫీజుకే పోతోంది. నీట్‌లో సీటు అందనివారు ఇంకో ఏడాది చదివి మళ్లీ రాయడంలో తప్పేమీ లేదు. ఇన్నిసార్లే రాయాలన్న పరిమితి ఆ పరీక్షకు లేదు. గరిష్ఠ వయోపరిమితినీ 2022లో ఎత్తేశారు.

ఆ ఏడాది ఎలా గడుస్తోందన్నదే మా బాధ. నీట్‌లో 180 ప్రశ్నలు, 720 మార్కులు. తప్పు జవాబుకు ఒక మార్కు కోత. తెలియని 40 ప్రశ్నలు వదిలేస్తే పోయేది 160 మార్కులు. ఊహించి రాసి అన్నీ తప్పితే 200. కిందటేడాది ఎక్కడ తడబడ్డారో పక్కన కూర్చుని ఓపికగా చూపించే మాస్టారు కావాలి వీళ్లకు. తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా పాత పాఠాలనే మొదటి పేజీ నుంచి వల్లె వేయిస్తే ఆ తప్పులు అలాగే ఉండిపోతాయి.

తరగతులు రోజుకు 5 గంటలు మించకూడదని, వారానికో సెలవు ఇవ్వాలని, మధ్యలో మానేస్తే మిగిలిన ఫీజు 10 రోజుల్లో వాపసు చేయాలని కేంద్రం 2024 జనవరిలోనే మార్గదర్శకాలిచ్చింది. విశాఖలో కోచింగ్ తీసుకుంటున్న విద్యార్థిని మరణం కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో ఇంకా గట్టిగా చెప్పింది: మార్కులను బట్టి బ్యాచ్‌లు విడదీయొద్దు, నలుగురిలో అవమానించొద్దు. జిల్లా అధికారులు అడ్మిషన్ల వేళే హాస్టళ్లకు వెళ్లి వీటి అమలు చూడాలి. ముందు ఫీజు వాపసు సంగతి తేల్చాలి. మిర్చి ధర పడిన ఏడాది అప్పు తెచ్చి కట్టిన రైతుకు ఆ డబ్బు మరుసటి పంట పెట్టుబడి.