నొప్పి తగ్గింది కదా అని...

మాఘ పౌర్ణమి తిరునాళ్లు ముగిశాయి. సాగర సంగమంలో స్నానానికి హంసలదీవి వచ్చిన చుట్టాలు మర్నాడు కూడా ఆగారు. మధ్యాహ్నం పీతల కూర. ఆ ఇంటి ఇల్లాలు పీత కాలు ఒకటి పంటికింద పెట్టింది. 'టక్'మంది. విరిగింది పీత కాలు కాదు, ఆమె దవడ పన్ను!

ఆర్నెల్ల క్రితమే ఆ పంటికి బందరులో రూట్‌కెనాల్ చేయించుకుంది. 'పైన క్యాప్ వెయ్యాలమ్మా, మళ్లీ రండి' అని డాక్టరు చెప్పారు కూడా. నొప్పి పోయాక ఇంకెందుకులే అనుకుంది. పైగా బందరు వెళ్లి రావాలంటే ఒక రోజు పని పోతుంది, బస్సు ఛార్జీలు అదనం. ఇప్పుడు చీలిక వేరుదాకా దిగింది. ఇక పీకించుకోవాల్సిందే. రూట్‌కెనాల్‌కు పెట్టిన డబ్బు పోయినట్టే. ఆ ఖాళీలో బ్రిడ్జో, ఇంప్లాంటో పెట్టించాలంటే మళ్లీ ఖర్చు.

రూట్‌కెనాల్‌లో పంటి లోపలి నరాన్నీ, రక్తనాళాలనూ తీసేసి, ఆ దారిని శుభ్రం చేసి మూసేస్తారు. నొప్పి లేదంటే పన్ను గట్టిపడిందనుకుంటాం. నిజానికి పిప్పి తియ్యగా, లోపలికి దారి చెయ్యగా పంటి గోడలు పలచబడతాయి. గట్టిగా నమిలినప్పుడల్లా అవి పక్కలకు విచ్చుకోబోతాయి. ఎడ్లబండి చక్రానికి ఇనప పట్టా బిగిస్తారు చూడండి, క్రౌన్ చేసే పని అదే. ముందు పళ్ల మీద అంత బరువు పడదు కాబట్టి, పన్ను బాగా మిగిలి ఉంటే ఒక్కోసారి ఫిల్లింగే సరిపోతుంది. దవడ పళ్ల విషయంలో మాత్రం వాయిదా పనికిరాదు.

క్రౌన్ అంటే చిలకలపూడి నగల మీద పూతలాంటిది కాదు. మిల్లీమీటరు, మిల్లీమీటరున్నర మందం ఉండే తొడుగు. దానికి చోటు కోసం పన్నును చుట్టూ అరగదీస్తారు. పోయిన ఎనామిల్ మళ్లీ పెరగదు. కాబట్టి చిన్న పిప్పికి ఎవరైనా క్యాప్ వేస్తామంటే, ఫిల్లింగ్ చాలదా అని అడగటంలో తప్పులేదు. అరగదీశాక అచ్చు తీసి ల్యాబుకు పంపుతారు. ఈలోగా పెట్టే తాత్కాలిక క్యాప్ ఊడిపోతే అశ్రద్ధ చెయ్యకూడదు. పళ్లు కాస్త జరిగినా అసలు క్యాప్ పట్టదు.

ఏ రకం మేలు? పూర్తి లోహంతో చేసింది చవక, గట్టిది. ఎవరికీ కనపడని వెనక దవడకు అంతకన్నా ఏం కావాలి? కాకపోతే చవక దిద్దులు పెడితే చెవులు దురద పెట్టేవాళ్లకు నికెల్ పడకపోవచ్చు. ఆ సంగతి ముందే చెప్పాలి. లోహం మీద పింగాణీ వేసిన రకంలో పెచ్చులూడటం, కొన్నేళ్లకు చిగురు దగ్గర నల్లగీత కనపడటం మామూలే. జిర్కోనియా తెల్లగా ఉంటుంది, దృఢంగానూ ఉంటుంది. ధర కూడా ఎక్కువే. తాతల నాటి బంగారు పన్ను దర్జా కోసమేననుకుంటాం గానీ, ఆ మిశ్రమం ఎదుటి పన్నును పెద్దగా అరగదియ్యదు. అన్నట్టు, పింగాణీ తొడుగులకు ఆద్యుడుగా చెప్పుకొనే అమెరికా దంతవైద్యుడు చార్లెస్ లాండ్, 1927లో ఒంటరిగా విమానంలో అట్లాంటిక్ దాటిన లిండ్‌బర్గ్‌కు తాతగారు!

ఖర్చుకు వెనకాడేవాళ్లు విజయవాడ ప్రభుత్వ దంత వైద్య కళాశాలలోనో, గన్నవరం దగ్గర చినఅవుటపల్లిలోని దంత కళాశాలలోనో వాకబు చేయవచ్చు. బోధనాసుపత్రుల్లో సాధారణంగా ప్రైవేటు క్లినిక్‌లకన్నా తక్కువే అవుతుంది. ప్రొఫెసర్ల పర్యవేక్షణలో విద్యార్థులు చేస్తారు కాబట్టి తిరగటం మాత్రం ఎక్కువ. ఎన్నిసార్లు రావాలో మొదటిరోజే అడిగితే బస్సు ఖర్చులు లెక్క తేలతాయి.

క్యాప్ పుచ్చదు, నిజమే. కానీ దాని అంచు దగ్గర అసలు పన్ను పుచ్చుతుంది. అక్కడ బ్రష్ బాగా తగలాలి. కొరికినప్పుడు ఎత్తుగా అనిపిస్తే 'అదే సర్దుకుంటుంది' అనుకోకుండా వెంటనే వెళ్లి సరిచేయించుకోవాలి. జాగ్రత్తగా చూసుకుంటే పది, పదిహేనేళ్లు నిలుస్తుంది. పీత కాళ్ల సంగతంటారా? పగలగొట్టుకోవటానికి వంటింట్లో పొత్రం ఉండనే ఉంది.