విమానంలో వాచే పాదాలు
లింగంపల్లి నుంచి అమెరికాలోని పిల్లల దగ్గరకు బయలుదేరే తల్లిదండ్రులకు నీళ్లు బాగా తాగమని చెప్పేవారే గాని, మధ్యమధ్య లేచి నడవమని గట్టిగా చెప్పేవారు తక్కువ. విమానంలోని గాలిలో తేమ సాధారణంగా 20 శాతంలోపే ఉండి నోరు, కళ్లు ఎండిపోయే మాట నిజమే అయినా, అలా ఒంట్లోంచి పోయే నీరు స్వల్పమే. దుబాయి నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు సుమారు 16 గంటలు కదలక కూర్చున్నప్పుడు, రక్తాన్ని గుండెవైపు నెట్టే పిక్కల కండరాలకు పని లేకపోవడంతో, కాళ్ల సిరల్లో ఒత్తిడి పెరిగి, ద్రవం చుట్టూ ఉన్న కణజాలంలోకి ఊరి, చెప్పులు పట్టనంతగా పాదాలు ఉబ్బుతాయి. 4 గంటలు దాటిన ప్రయాణంతో లోపలి సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు దాదాపు రెట్టింపవుతుందని 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తేల్చింది (ఆరోగ్యవంతుల్లో అది సుమారు 6,000 మందిలో ఒకరికే గనుక బెదరనక్కర్లేదు). పక్కవారిని లేపాలన్న మొహమాటంతో నీళ్లు కూడా మానేసే పెద్దలకు, టికెట్ కొనే కొడుకో కూతురో కిటికీ సీటు గాక నడవ పక్క సీటు ఎంచాలి.