గుళికల ధర బస్తాకా, భాస్వరానికా?

ఖనిజ లవణ మిశ్రమాన్ని పొడిగా గాక గుళికలుగా కట్టి అమ్మడంలో లాభం లేకపోలేదు. లారీ కుదుపులకు పొడిలోని బరువు రేణువులు అడుగుకు దిగుతాయి. దాణాలో కలిపినా ఆవు తవుడు నాకి లవణాన్ని తొట్టిలో వదిలేస్తుంది. గుళికలో ఆ బెడద తక్కువ.

ఐతే ఖనిజం తనంతట తాను గుళిక కట్టదు. మొలాసిసో, బెంటొనైటు మట్టో బంధకంగా పడాలి, కొంత తవుడూ చేరాలి. గరుకు ఖనిజం యంత్రపు అచ్చును అరగదీస్తుంది గనుక తవుడు, మట్టి పెంచడమే మిల్లుకు సుఖం. ఆ మేరకు బస్తాలో ఖనిజం తగ్గుతుంది. చేతిలో పోసుకు చూస్తే ఇది తెలియదు.

మిశ్రమంలో ఖరీదైనది భాస్వరం. దానికి వాడే డైకాల్షియం ఫాస్ఫేటుకు మూలం రాక్ ఫాస్ఫేటు; ఆ రాయి మనకు చాలావరకు దిగుమతి సరుకే. సున్నపురాయి పొడి, ఉప్పు చౌక. వాటితో బరువు పెంచడం ఎవరికైనా చేతనవును. ఇక ఫ్లోరిను తీయని ముడి రాక్ ఫాస్ఫేటు కలిపితే పశువు పళ్ళు, ఎముకలు చెడతాయి.

మన పశువులు మేసే వేరుశనగ కట్టెలో కాల్షియం ఉన్నది, భాస్వరం తక్కువ. వరిగడ్డిలోనూ అది తక్కువే. పలమనేరు, కుప్పం వైపు పాడి జెర్సీ సంకరావులకు కాల్షియం అక్కరలేదని కాదు. ఒక్క సున్నపు గుళికతో వాటి కొరత తీరదు.

ఉప్పు లేని మిశ్రమంలో భాస్వరం 12 శాతమైనా ఉండాలని భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 1664 చెబుతున్నది. అటువంటి మిశ్రమం ముప్పాతిక, బంధకం, తవుడు కలిసి పాతిక వంతు అయితే గుళికలో నికరంగా మిగిలేది 9 శాతం చిల్లర. రోజుకు 50 గ్రాములు వేసే రైతు 67 గ్రాముల దాకా వేయవలసి వస్తుంది. ఆ సరుకుకు పూర్తి మిశ్రమం ధర ఎందుకు కట్టాలి?

వెన్న శాతం చూడనిదే ఈ జిల్లాల్లో పాలకు ధర కట్టరు. తిరుపతిలో 1955 నుంచి పశువైద్య కళాశాల, 2005 నుంచి పశువైద్య విశ్వవిద్యాలయం ఉన్నాయి. అటువంటి చోట గుళికలను రంగు, గట్టిదనం చూసి బేరమాడడం వింతే. పరీక్ష ఖర్చు దండగన్న దలారుల మాట నిలవదు. లోడుకొక నమూనా తీయిస్తే ఆ ఖర్చు బస్తాకు స్వల్పం. శాతం తగ్గితే ఆ దామాషాలో ధర కోసుకునే షరతు ముందే వ్రాసుకోవాలి. బిల్లు మీద భాస్వరం శాతం, బంధకం పాలు చూపని మిల్లుకు బయానా ఇవ్వడం తొందరపాటని మా అభిప్రాయం.